విప్పిన ఫారాలు

చొక్కా గుండీలు విప్పుతూనే
చెంగల్రాయుడు గారు అడిగారు,
"నిన్న తీసింది చాలలేదామ్మా?"

నిన్న తీసింది ఎక్స్‌రే.
మూడు వందల యాభై రూపాయలు, అరక్షణం.
చల్లటి పలకకి రొమ్ము ఆనించి
భుజాలు ముందుకు తోసి నిలబడ్డారు.
కుడివైపు కాలర్‌బోన్ కింద
రూపాయి బిళ్ళంత మసక.
డాక్టరు దాని చుట్టూ పెన్సిలుతో గీసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టి
మా కిందిగదికి పంపారు.

మింట్ వీధిలో నలభై ఏళ్ళుగా
పుస్తకాలు కుడుతున్న మనిషి.
పోలిక కోసం నేను దూరం పోనక్కర్లేదు.

"మూసిన పుస్తకాన్ని ఎండకెదురుగా పట్టుకుంటే
ఏం కనిపిస్తుందండీ?"
"ఏముంది, మసి.
పల్చటి కాగితమైతే
అన్ని పేజీల అక్షరాలూ ఒకదానిమీదొకటి ఎక్కుతాయి.
అయిదో పేజీ సున్న ఎనభయ్యో పేజీ గుడి కింద దూరి
లేని మాటొకటి పుడుతుంది."
"అదే ఎక్స్‌రే.
పక్కటెముకా గుండే వెన్నూ
ఒకే కాగితం మీద పడ్డ నీడలు.
ఏది ముందో ఏది వెనకో చెప్పదు."
"మరి ఇదో?"
"ఇది ఫారాలు విప్పుతుంది."

అప్పుడాయన ఆ తెల్లటి చట్రాన్ని
తోటి పనివాణ్ణి చూసినట్టు చూశారు.

"అలాగైతే అందరికీ ముందే ఇది తియ్యొచ్చుగా?"
ధర పన్నెండు రెట్లన్నాను.
కిరణాలు డెబ్భై ఎక్స్‌రేలకి సరిపడా,
అవి ఒంట్లో పద్దు రాసుకుంటాయన్నాను.
విరిగిన చేతికి నీడ చాలు.

మెడలో వెండి తాయెత్తు తీసి
"బరువు చూసుకో" అంటూ నా చేతిలో పెట్టారు.
వేళ్ళ సందుల్లో మైదా జిగురు
ఎండి, పొలుసులై.

అద్దం ఇవతలికొచ్చి మైకు నొక్కాను.
అలవాటైన నోరు "మూచ్చు పిడింగ" అంది.
నాలిక కరుచుకుని
"ఊపిరి బిగబట్టండి" అన్నాను.
రెండు భాషలకీ ఆయన ఒకే ఊపిరి పట్టారు.

ఎనిమిది సెకన్లు.
తెరమీద మూడు వందల పన్నెండు పేజీలు.
గొంతు దగ్గర గాలిగొట్టం ఒక నల్లటి సున్న,
కిందికి జరిపితే రెండు సున్నలు.
కాలర్‌బోన్ కింద ఏమీ లేదు.
మొదటి పక్కటెముక కొసన
వయసుకి సున్నం కట్టిన ముడి, దాని మీద ఒక నరం నీడ.
నిన్నటి ప్రశ్నార్థకం
వట్టి అచ్చుతప్పు.

ఆపి ఉండొచ్చు. నా పని ఆపడం కాదు.
రెండు వందల నలభై మూడో పేజీలో
ఎడమ ఊపిరితిత్తి అడుగున
ఫుల్‌స్టాపంత చుక్క.
నిన్న గుండె దాన్ని తన వెనక నిలబెట్టుకుంది.
అలాంటి చుక్కలు చాలామందిలో ఉంటాయి,
చాలావరకు ఏమీ కావు.
చాలావరకు.

చెప్పే హక్కు నాది కాదు.
"సాయంత్రం ఆరింటికి రిపోర్టు" అన్నాను
ఆయన మొహం చూడకుండా.
"అన్నీ విప్పేశావు, మళ్ళీ కుట్టేదెవరు తల్లీ?"
నవ్వుతూ గుండీలు పెట్టుకున్నారు,
ఒకటి తప్పు కన్నంలో.

తాయెత్తు నా కోటు జేబులో ఉండిపోయింది.
మింట్ బస్టాండు దాకా పరుగెత్తాను.
టీ కొట్టు పక్కన, మధ్యాహ్నపు ఎండలో,
రెండు చేతులా ఎత్తి పట్టుకుని
నిన్నటి ఎక్స్‌రే చూస్తున్నారాయన,
తలకిందులుగా.