ఇంటిపేరు దొరకని పరికరం

పాణిగ్రాహి గారి లాప్‌టాప్‌ని
రాత్రి తొమ్మిదింటికి కడిగేశాను.
పాత సిస్టమ్ పోయింది, వైరస్ పోయింది,
తెర మీది జగన్నాథుడి బొమ్మ కూడా పోయింది.
కొత్తది ఎక్కింది.
బారసాల నాటి పసిగుడ్డులా
ఎవర్నీ గుర్తుపట్టని నీలం చూపు.

అక్షరాలు గుమ్మడికాయలంత.
టచ్‌ప్యాడ్ మీద వేలు రాస్తే
సన్నికల్లు మీద రాసినట్టే.
స్పీకరుంది, గొంతు లేదు.
వైఫై ఉంది, ఉన్నట్టు దానికే తెలీదు.
డివైస్ మేనేజర్ తెరిస్తే
ఏడు పసుపు గుర్తులు.
లోపల సామానంతా ఎక్కడిదక్కడే ఉంది,
పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు.

నెట్ డ్రైవరు నెట్‌లోంచి దించుకోవాలి.
నెట్ రావాలంటే నెట్ డ్రైవరుండాలి.
పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు,
పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు
అనేది మా అమ్మమ్మ,
లాప్‌టాప్ మొహం చూడకుండానే.

కేబులు వెతికి ఫోన్ని తగిలించాను.
పర్లాకిమిడిలో మా సందులోకి సిగ్నలు రాదు.
డాబా మెట్లలో మూడోదాని మీద నిలబడితే
మహేంద్రతనయ అవతల
పాతపట్నం టవరు అందుతుంది.
ఫోను ఒళ్ళు విదిల్చి
ఆంధ్రప్రదేశ్‌కి స్వాగతం అంటుంది.
మెట్టు దిగితే మళ్ళీ ఒడిశా.
లాప్‌టాప్‌ని ఒళ్ళో పెట్టుకుని
ఆ మెట్టు మీదే కూచున్నాను.
దోమలు రెండు రాష్ట్రాలవీ వచ్చాయి.

ఒక్కో పసుపు గుర్తు వెనకా ఒక నంబరుంటుంది.
మొదటి నాలుగూ కంపెనీ, తర్వాతి నాలుగూ సరుకు.
ఇంటిపేరూ, పేరూ.
చింపేసిన ఒడియా క్యాలెండరు కాయితం వెనక
పెన్సిల్‌తో ఏడూ రాసుకున్నాను.
ఎవుల తాలూకు నువ్వు, ఎవుల తాలూకు
అని ఒక్కొక్కదాన్నీ అడగడమే ఈ పని.

గ్రాఫిక్స్ ముందు చెప్పింది.
తెర నల్లబడి, నా గుండె ఆగినంతసేపు ఆగి,
గుమ్మడికాయలు ఆవగింజలయ్యాయి.
సౌండు మొండిది, పదకొండున్నరకి నోరు విప్పింది.
ఆ టింగుమనే చప్పుడుకి
బల్లి ట్యూబులైటు వెనక్కి దూరింది.
బల్లి పలకలేదు, లాప్‌టాప్ పలికింది.
అదీ సత్యమే.

తెల్లారి ఆయనొచ్చారు, చంకలో ప్రింటరుతో.
తహసీల్ గోడవార కూచుని అర్జీలు కొట్టే మనిషి.
ఒడియాలో కొడతారు, ఇంగ్లీషులో కొడతారు,
అవతలి గట్టువాళ్ళకి తెలుగులో.
"హెలా?" అని ఒకసారి అడిగి
"అయిపోనాదేటి?" అని మళ్ళీ అడిగారు.
వెంట బమ్మిడి దాలమ్మ.
ఇల్లు ఇటు, పొలం అటు.

ఆ ప్రింటరుని కన్న కంపెనీ
దాన్ని మర్చిపోయి ఎనిమిదేళ్ళు.
డ్రైవరు నా పాత పెన్‌డ్రైవులో
ఎవరివో పెళ్ళి ఫొటోల కింద దొరికింది.
తాలూకు తేలింది, కాయితం కదిలింది,
బయటికొచ్చింది.
దాలమ్మ పేరుండాల్సిన చోట
వరసగా ఆరు ఖాళీ గళ్ళు.
సర్వే నంబరొక్కటే నంబరులా ఉంది.
"ఏటివి, కిటికీలా?" అంది దాలమ్మ.

నాకా గళ్ళు తెలుసు.
ఒడియా బళ్ళో పదో తరగతి దాకా చదివాక
ఇంట్లో అన్నం పెట్టమని అడిగే భాషని
గోడ మీద చూస్తే నాకూ అంతే కనబడేది.
పాతపట్నం బస్సు నుదుటి మీద రాసిందీ
కండక్టరు అరిచేదీ పక్కపక్కన పెట్టుకుని
ఇరవైనాలుగో ఏట కూడబలుక్కున్నాను.
టెక్కలి ముందొచ్చింది నాకు.
క కింద క ఎందుకో చాన్నాళ్ళు తెలీలేదు.

ఫాంటు ఎక్కించి మళ్ళీ కొట్టాను.
దాలమ్మకి చదువు రాదు.
అయినా కాయితం తీసుకుని
"ఏ మూల నాను?" అంది.
చూపించాను.
వేలిముద్ర వేసే వేలితో
అక్కడ ఒకసారి తడిమి,
సిరా అంటుకుంటుందని తీసేసింది.

నూట యాభై తీసుకున్నాను.
ఏడింట్లో ఆరు గుర్తులు పోయాయి.
ఏడోదాని నంబరు ఎక్కడా తగల్లేదు.
ఏం పని చేసేదో తెలీదు,
అది చెయ్యక ఏం ఆగిందో తెలీదు.
ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.
క్యాలెండరు కాయితం మటుకు
కౌంటరు అద్దం కింద పెట్టాను,
రీఛార్జి రేట్ల పక్కన.