పై మెట్టు

డండీలో వాన లేని సోమవారం.
ఎల్స్‌పెత్ వంటింటి బల్ల మీద
పద్దెనిమిది పేజీల పెన్షన్ ఫారం, చల్లారిన టీ.

ఇరవై ఆరేళ్లు ప్రభుత్వాసుపత్రిలో
పక్షవాతం వచ్చినవాళ్ల వేళ్లకు
బొత్తాలు పెట్టుకోవడం మళ్లీ నేర్పిన మనిషి.
"రాదు అనకు, ఇంకా రాలేదు అను" అని
ఓడరేవు కూలీ ఒకడిని కసిరింది కూడా.
వాడు ఏడ్చాడు, తిట్టాడు,
మూడోవారానికి కాలరు బొత్తం పట్టాడు.

ఇప్పుడు తన బొటనవేలూ చూపుడువేలూ
పగలంతా కనపడని మాత్రను చుడుతుంటాయి.

ఫారంలో రెండు మెట్లు.
నీ పని నువ్వు చేయలేకపోతే కిందిది,
ఏ పనీ చేయలేకపోతే పైది.
ఎంత పడిపోతే అంత ఎత్తు.

యూనియన్ కుర్రాడు కాలమ్ ఫోన్లో అన్నాడు:
"మంచిరోజు గురించి రాయకండి,
చెడ్డరోజు రాయండి."
అబద్ధమేం కాదు.
నిన్న సూప్ చెంచా వెళ్లి గోడకు తగిలింది.
మరక ఇంకా అక్కడే ఉంది.

పద్నాలుగో ప్రశ్న:
బొత్తాలు మీరే పెట్టుకోగలరా?

చొక్కా వైపు చూసుకుంది.
పొద్దున్న నలభై నిమిషాలు.
ఆరు బొత్తాలు, ఒకటి తప్పు కాజాలో.

"లేను" అని రాసింది.
రాస్తూ రాస్తూనే అక్షరాలు
చీమతలలంత అయిపోయాయి.
రోగానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కలం మూసి
తప్పు కాజాలోని బొత్తం విప్పి
మళ్లీ మొదలుపెట్టింది.
టే నది వంతెన మీద
ఒక రైలు పోయింది,
ఇంకొకటి వచ్చింది.