లెన్స్ తగిలించలేదు

కంపెనీ లెన్స్ తొమ్మిది వందల నలభై పౌండ్లు.
కన్ను ఎక్కడుందో అదే వెతుక్కుంటుందట,
పిట్ట కన్నైనా సరే.
అద్దె పోగా, కరెంటు పోగా
నా జీతంలో మిగిలేది
దాని మూతకి సరిపోతుంది.

అందుకే ఆదివారం పొద్దున్నే
గ్లాస్గోలో, బారాస్ సంతకి.
వాన పడుతోందని చెప్పడం ఇక్కడ కబురు కాదు.
రేకుల కింద ఒంటి బూట్లు,
ఎవరెవరో గెలిచిన కప్పులు,
ఆగిపోయిన గడియారాల మధ్య నడిచేది ఒక్కటి,
అది చూపించేదీ తప్పు టైమే.

ఇష్బెల్ కొట్లో లెన్సులు
అరటిపళ్ళ అట్టపెట్టెలో ఉంటాయి.
వాటి మీది అంకెలు ఆమెకి అక్కర్లేదు.
అరచేతిలో పెట్టి ఎగరేస్తుంది.
బరువుంటే పాతిక, తేలికైతే పది.
కందగడ్డ లెక్క.

మా ల్యాబ్ తౌహీద్ ముందే చెప్పి పంపాడు:
వెనక మూత తీసి ఫోన్ లైటు కొట్టి చూడు,
సాలెగూడులా ఉంటే బూజు, ముట్టుకోకు.
పైన గీతుంటే పర్లేదు, ఫోటోలోకి రాదు.
రింగు తిప్పు. ఇసుక నలిగినట్టుంటే వదిలెయ్.
వెన్నలో వేలు తిప్పినట్టుంటే
ఆ సంగతి మొహంలో కనపడనీకు.

ఒకటి రష్యాది, ఒకటి తూర్పు జర్మనీది,
రెండిట్లోనూ బూజు.
మూడోదాని మీద పేరు అరిగిపోయింది.
ఏ ఊరు నీది అని అడగడానికి లేదు.
తిప్పాను.
వెన్న.
నా మొహం నా మాట వినలేదు.

"పాతిక," అంది ఇష్బెల్, నా మొహంతోనే.

కుంభాకార కటకం.
పార్వతీపురం, తొమ్మిదో తరగతి.
మధ్యలో లావు, అంచుల్లో సన్నం,
నాభి, నాభ్యంతరం, పటం గీసిన వాళ్ళకి నాలుగు మార్కులు.
స్కూలు మొత్తానికి కటకం ఒక్కటే.
అది బీరువాలో. తాళం సైన్సు మాస్టారి దగ్గర.
మాస్టారు సెలవులో.
నాలుగుకి నాలుగూ వచ్చాయి నాకు.

ఇప్పుడు వారమంతా నా బతుకు కటకాల మీదే.
రోజుకి అరవై స్లైడులు, మైక్రోస్కోపు.
కణం అంచు తేలేదాకా చిన్న మరని
వెంట్రుక మందం అటు, వెంట్రుక మందం ఇటు.
ఎవరివో తెలియదు, నంబర్లే.
అంచు నున్నగా ఉంటే ఊపిరి వదులుతాను,
లేకపోతే ఇంకొకరిని పిలిచి చూపిస్తాను.
నా వేళ్ళకి ఈ పని కొత్త కాదు
అని ఇష్బెల్‌కి చెప్పలేదు.
"గీత ఉంది కదా" అన్నాను.
"అది ఊరికే ఇస్తున్నా, డబ్బులక్కర్లేదు."
చివరికి ఇరవై.
పిల్లాడి ఫుట్‌బాల్ మేజోడులో చుట్టి ఇచ్చింది.

తౌహీద్ ఇచ్చిన రింగు పెట్టి బిగించాను.
నొక్కితే కెమెరా తెర మీద ఒకే మాట:
లెన్స్ తగిలించలేదు.
అంత బరువు మెడకి వేలాడుతుంటే!
మెనూలో మెనూ, దాని లోపల ఇంకో మెనూ,
లెన్స్ లేకపోయినా తియ్యి అని ఒప్పించేసరికి
వాన కూడా విసుగెత్తి సన్నబడింది.

ఇష్బెల్ రొట్టె తింటోంది. ఆమెనే తీశాను.
మొదటి తొమ్మిదీ పొగమంచు.
మనిషి కదులుతుంది, స్లైడు కదలదు.
పదోదానిలో తేలింది ఆమె కాదు,
వెనక టార్పాలిన్ అంచున
పడబోయి ఆగిన నీటిబొట్టు,
దానిలో తలకిందులుగా సంత మొత్తం.

"నేనెక్కడ?" అంది తెరలోకి వంగి.
ముందున్న మసక చూపించాను.
కాసేపు చూసింది.
"సన్నగా ఉన్నాను. అది తుడిచెయ్యకు."

బస్సులో ఆ ఫోటో వివరాలు తీశాను.
తేదీ ఉంది. టైము ఉంది.
లెన్స్ అన్న చోట చిన్న గీత,
ఎఫ్ అన్న చోట సున్నా.
జేబులో చెయ్యి పెట్టి, మేజోడు మీంచే
రింగు తిప్పుతూ కూర్చున్నాను,
దిగాల్సిన స్టాపు దాటిపోయిందాకా.