డెక్కు కింద ఒక చెయ్యి

పాకాల కట్ట మీద లారీ దించినప్పుడు
అది పడవ లెక్క లేదు.
ఒడ్డున కూలవడ్డ బర్రె లెక్క ఉన్నది.
సికింద్రాబాదు పాత సామాను వేలంల కొన్నడట సారంగపాణి సారు.
పేరు గీకేసిన్రు. తెరచాపకు నాలుగు అతుకులు.
నా ఈడుదే కావచ్చు, నలభై రెండు.

నాది కాశిబుగ్గల లేతు మిషన్.
ట్రాక్టర్ ఆక్సిళ్లు, బోరు మోటర్ల షాఫ్టులు,
పసుపు మిల్లు పుల్లీలు.
సముద్రం ఒక్కపారి చూసిన, అదీ మోకాళ్ల దాకనే.
"పడవ పని నాకేం ఎరుక సార్" అంటే
కుడిచెయ్యి ముందుకు చాపిండు, అంతే.
బుష్ అరిగిన షాఫ్టు లెక్క
ఊకె ఊగుతున్నది.

ముప్పై ఒక్క ఏండ్లు బొగ్గుబాయి మీద
వైండింగ్ ఇంజన్ డ్రైవరు.
గంట మూడుసార్లు మోగితే, తొట్టెల మనుషులున్నట్టు.
అప్పుడు లివరు మీద చెయ్యి వేరే ఉండాలె, అన్నడు,
నిద్రపోయిన పసిపిల్లను మంచంల పండవెట్టినట్టు.
ఇప్పుడు చాయ్ గిలాస నోటి దాక రాకముందే సగం అంగి మీద.
చుక్కాని చక్రం పడితే
పడవ పాము లెక్క నడుస్తది.

అందుకే ఆ పెట్టె:
ఒక మోటరు, దాని దండె, దిక్కు చూసే డబ్బా,
చదివితే తల తిరిగే కాయితాల కట్ట.

మూడు రోజులు పడవ తోక దిక్కు గూట్ల ఇరుక్కున్న.
వెల్లకిల పండుకుంటే డెక్కు ముక్కుకు తాకుతది.
డీజిల్ కంపు, పాసి, ఎప్పుడో ఎండిన ఎలుక.
ఒక పైపు మీద పెన్సిలుతోటి హిందీల రాసిపెట్టిండు ఎవడో
నాకంటే ముందు ఈ గూట్ల వీపు గీసుకున్నోడు:
దీన్ని ముట్టకు.
ముట్టలేదు.

దండె చుక్కానిని నెట్టాలంటే
ముందు తాను దేనికో ఒకదానికి ఆనాలె.
ఫైబరు పలక ఓర్వలేదు, కుయ్యిమన్నది.
కూలగొట్టిన రైసుమిల్లు దూలం తెచ్చి
చెక్క చెక్కి, బంక పోసి, ఎనిమిది బోల్టులు బిగించిన.
చుక్కాని కాడకు గన్‌మెటల్ చెయ్యి,
పది అంగుళాలు, లేతు మీద నేనే కోసిన.
ఒక్క నూలు తక్కువైతే కాయితాలు ఒప్పుకోవు.

నాలుగోనాడు నీళ్లల్ల.
మీట నొక్కినం.
తూర్పు అంటే ఆగ్నేయం పోతది.
మల్ల నొక్కితే మల్ల ఆగ్నేయమే.
వలల కట్టయ్య తెప్ప ఆపి చూసిండు:
"తాగినోడి ఎడ్లబండి సుత ఇంటికి వస్తది గదనే!"
నా పానాలు తీసి ఒడ్డుకు పంపిన, సుత్తె పంపిన,
నడుము బెల్టు సుత ఇప్పిన.
అయినా ఇరవై డిగ్రీల తప్పు.

సారు వంగి, డబ్బా ఎనుక అర తెరిచి
గుడ్డల చుట్టిన జానెడు ముక్క బయటికి తీసిండు.
నల్లగ, గిరీసు పూసుకొని, పురులు పురులుగ.
"ఆఖరు దినం కోసి ఇచ్చిన్రు. బాయి తాడు" అన్నడు.
"ఉక్కుది."
ఇంకో మాట లేదు.
నా చేతుల పెట్టిండు.
నేను పడవ ముక్కు దాక నడిచి నిలబడ్డ.
డబ్బా మీద అంకెలు మెల్లగ జరిగి
రావలసిన కాడికి వచ్చి ఆగినై.

తెరచాప నిండింది.
గుట్టల దిక్కు ఒకటే గీత.
చేతులు ఎక్కడ పెట్టాల్నో తెల్వక
సారు కాసేపు జేబుల్ల పెట్టుకున్నడు,
తీసిండు, మల్ల పెట్టుకున్నడు.
ఆఖరికి మోకాళ్ల మీద కూసొని
డెక్కు మీద అరచెయ్యి ఆనించిండు.
కింద మోటరు గుర్రుమని ఆగుతది,
జర సవరిస్తది, మల్ల ఆగుతది.
చెయ్యి ఊగుతనే ఉన్నది.
అదే చేత్తోటి డెక్కును తట్టిండు,
ఒకటి, రెండు, మూడు.

నర్సంపేట బస్సుల నా సంచిల తాడు ముక్క.
"నీ లేతు కాడ దిక్సూచి లేదు గద, ఉంచుకో" అన్నడు.
గిరీసు వాసనకు పక్క సీటామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది.
మజూరిల రెండు వందలు తక్కువిచ్చిండు సారు,
అది నాకు ఖానాపురం దాటినంక యాదికొచ్చింది.