నక్షత్రం గుర్తు

వంశధార దాటి వచ్చే బస్సు
పది కొట్టాక దింపుతుంది గుణుపురంలో నా మనుషుల్ని.
పింఛను, స్కాలర్‌షిప్పు, కులం సర్టిఫికెట్టు.
ఒడియాలో అడిగి, సవరలో గొణుక్కుని, తెలుగులో తిట్టుకుని
నా కంప్యూటరు ముందు కూర్చుంటారు.

"పాస్‌వర్డ్ ఏటి పెట్టమంటారు?"
ఆ ఒక్క మాటకీ
ఎంత గట్టి మనిషయినా తలొంచుకుంటాడు.

కోరాడ సింహాద్రి ఎద్దు పేరు చెప్పాడు,
అమ్మేసి ఏడేళ్లయిన ఎద్దు.
మలితా గొమాంగో లేచొచ్చి నా చెవిలో
పురిట్లో పోయిన పిల్ల పేరు చెప్పింది.
అంకె కూడా కావాలంటే, మూడు, అంది.
మూడు రోజులు.
గుర్తొకటి కావాలంటే, నీకు నచ్చింది ఎట్టీయమంది.
నక్షత్రం పెట్టాను.
తెర మీద పిల్ల పేరంతా నల్ల చుక్కలైపోయింది.

మర్చిపోతారు. అందుకే రాసుకుంటాను
అట్ట చిరిగిన నోటుబుక్కులో,
రాత్రికి దాన్ని బియ్యం డబ్బా అడుక్కి తోస్తాను.
రాయగడ ట్రైనింగులో ఆ బుక్కు పైకెత్తి చూపించి
ఇదీ నేరమంటే, అన్నాడు కుర్ర సారు. అందరూ నవ్వారు.
మాటని చోళ్లలా తిరగట్లో పొయ్యాలట,
పిండే దాచాలట,
పిండి లోంచి మళ్లీ గింజ రాకూడదట.
బాగుంది. సిగ్గుపడ్డాను కూడా.

మొన్న వార్త:
ఆ పెద్ద కంపెనీ గాదెలో
కోట్ల గింజలు గింజల్లాగే ఉన్నాయి, ఏళ్ల తరబడి,
తలుపు గడియ పెట్టకుండా.
ఎవరూ చూసిన దాఖలా లేదంటున్నారు.

నాకు మాత్రం దాఖలా ఉంది.
నేను చూశాను. ఒక్కొక్కటీ నా చేత్తో రాశాను.
సింహాద్రి కనిపిస్తే ఆ ఎద్దు మెడగంట వినిపిస్తుంది నాకు.
వాళ్లకేం వినిపించిందో.

మార్చుకోమని మెసేజీ వస్తే
మలిత ఫోను పట్టుకుని వచ్చింది.
"మార్చడమేటి? నాకున్నది ఆ ఒక్క పేరే."
గడిలో సన్నటి గీత వెలిగి ఆరుతోంది.
చాలాసేపు దాన్నే చూసి
"నీ పేరేటమ్మా?" అంది.

నాలుగేళ్లలో ఈ బల్లకి అవతల నుంచి
ఎవరూ అడగలేదు.
చెప్పాను. అదే కొట్టమంది.
చివర నక్షత్రం మాత్రం ఉంచాలంది,
పాతదే.

బుక్కు తెరిచి, పెన్ను మూత తీసి,
మళ్లీ పెట్టేశాను.
బయట అయిదింటి బస్సు హారను కొడుతోంది.