తొడిమ దగ్గర రెండు చుక్కలు

రాత్రి రెండుంబావు. బేగంపేటలో మూడో అంతస్తు.
కిటికీ అవతల పాత రన్‌వే
దీపాలార్పుకుని పడుకుంది.
నేను విమానాశ్రయాల మధ్య దూరాలు నింపుతున్నాను.
ఈ వారం నా వాటాకి వచ్చింది ఉత్తరపు కొస.

వెయ్యిన్నూట పదిహేడో వరస.
మొదటి ఊరి పేరుకు నోరు తిరగదు,
రెండోది గొంతులోనే ఎక్కడో ఆగిపోతుంది.
రెండొందల ఎనభై ఏడు కిలోమీటర్లు.
చిన్న విమానం, రెండు పంకాలు.
భాగించి రాశాను: యాభై నాలుగు నిమిషాలు.

పైనుంచి తీసిన ఫొటో తెరిచాను.
తెల్లకాగితం మీద ఎవరో స్కేలు మరిచిపోయినట్టు
కంకర రన్‌వే.
ఒక షెడ్డు. ఒక ట్రక్కు.
ట్రక్కు కంటే పది రెట్లు పొడుగు దాని నీడ.
ఇంతేనా ఊరు అనుకున్నాక
పొగలు కనిపించాయి. పదకొండు.

రిమార్కుల గడిలో ఏ పైలటో రాసుకున్న ముక్క:
వారానికి రెండుసార్లు. ఉత్తరాలు, కోడిగుడ్లు,
మూణ్ణెల్లకోసారి పళ్ల డాక్టరు.
మంచు కమ్మితే తిరుగు ప్రయాణం నాలుగో రోజు.

నాలుగో రోజుని ఎక్కడ రాయను?
అయిదువేల ఏడువందల అరవై అని కొట్టి చూశాను.
గడి ఎర్రగా మండింది.
మళ్లీ యాభై నాలుగు కొట్టాను. పచ్చబడింది.

ఆ నాలుగు రోజులూ డాక్టరు ఎవరింట్లో పడుకుంటాడు?
పన్ను పీకించుకున్న పిల్ల
పొద్దున్నే వచ్చి నోరు తెరిచి చూపిస్తుందా?

నాలుగింటికి క్యాబ్. ఎల్లేశానికి చెప్పాను.
"నడిమిట్ల రోడ్డు లేదా మేడమ్?"
లేదు.
"రైలు?"
లేదు.
"మరి జరమొస్తే?"
విమానం రావాలి.
"రాకుంటే?"
నేను ప్యారడైజ్ మూసిన షట్టర్ల వైపు చూశాను.

మా ఊళ్లో దూరమెంతంటే కాలం చెబుతారు.
నాచారమా, ముప్పావుగంట.
వానొస్తేనా, అదడక్కు.
ఇంకా లుంగీలో ఉన్నవాడు ఫోన్లో
"పాంచ్ మినిట్ భాయ్, సిగ్నల్ కాడున్నా" అంటాడు.
ఎర్రగా మండే గడి లేదు గనక బతికిపోతున్నాం.

ఫోన్లో ఆ దారి చూపిస్తే
ఎల్లేశం నొసలు ముడిచాడు.
"గింత ఖాళీ ఆకాశం పెట్టుకొని
ఇమానం వంకరెందుకు వోతది?"

డాష్‌బోర్డు మీద బత్తాయి ఉంది.
తొడిమ దగ్గర పెన్నుతో రెండు చుక్కలు పెట్టి
చున్నీ అంచు నుంచి ఒక పోగు లాగి
వాటి మధ్య బిగించాను.
తిన్నగానే ఉంది.
కాగితం మీద పరిస్తేనే వంగుతుంది, అన్నాను.
చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.
"మరి మనమేడున్నం?"
నడుముకి కాస్త పైన బొటనవేలు ఆనించాను.
వేలు తీస్తే ఏమీ లేదు, కొంచెం తడి.

మెట్టుగూడ సిగ్నల్ ఎర్రగా ఉంది.
రోడ్డు మీద కుక్క కూడా లేదు, అయినా ఆగాడు.
తొంభై నుంచి కిందికి లెక్క దిగుతుంటే
బత్తాయి ఒలిచాడు.
రెండు చుక్కలూ ఒకే తొక్కలో వచ్చాయి.
దాన్ని పారెయ్యలేదు,
అద్దం ముందు బోర్లించి పెట్టాడు.

సగం నాకిచ్చాడు.
పుల్లగా ఉంది.
పచ్చలైటు పడ్డాక కూడా
మేమిద్దరం గింజలు ఉమ్ముతూనే ఉన్నాం.