రంగు: వెండి

షోలవరం రన్‌వే మీద ఒకప్పుడు
గడ్డిమూటల మలుపు కాడ
మోకాలు నేలకానించి తిరిగినోణ్ణి చూసినాడంట జిలానీ మామ.
అప్పుడాయనకు పదహారు.
చిత్తూరు నుంచి లారీ మీద పోయి, లారీ మీదే వచ్చినాడు.
నలభై ఏండ్లు దాటినా ఆ మలుపు
ఆయన మాటల్లో ఇంకా పూర్తి కాలేదు.

గిరింపేట షెడ్డు వెనక నాకు దొరికింది
కోళ్ళు గుడ్లు పెట్టుకునే యెజ్డీ.
ట్యాంకు అడుగంతా తుప్పు.
కిక్కుకూ గేరుకూ ఒకటే రాడ్డు.
"పొదుపైన బండి మునీ, మా పెద్దమ్మ మాదిరి" అని నవ్వి,
నవ్వు ఆపి చెప్పినాడు:
"నంబరు పడిన ఇనుము కొయ్యొద్దు.
మిగతాదంతా నీ ఇష్టం."

ఛాసిస్ మీద తెల్లకాగితం పరిచి
పెన్సిలు అడ్డంగా రుద్దితే
మురికిలోంచి ఒక్కో అంకే లేచి కూర్చుంది.
ఒక మూడు మాత్రం సగమే.
ఆ సగం కోసం ఆర్టీవో ఆఫీసుకు నాలుగుసార్లు.

ట్యాంకుకు రేకు యాడ తెచ్చేది?
మూతపడిన డెయిరీ వేలంలో
రెండు పాలక్యాన్లు కొనింది మాయమ్మ, రాగులు పోసుకునేదానికి.
ఒకదాంట్లో రాగులున్నాయి.
రెండోది కోసినాను.
ఇసక నింపిన తోలుసంచి మీద పెట్టి
కొయ్యసుత్తితో, మెల్లగా.
ఎక్కువ కొడితే చిరుగుతుంది,
తక్కువ కొడితే క్యానుగానే ఉంటుంది.
తొమ్మిది రోజులు మా వీధి ఆ దెబ్బలు వింటానే అన్నం తినింది.
మోకాళ్ళు ఆనే చోట రెండు గుంటలు,
నా మోకాళ్ళవే.
కొలత తీసింది దొరస్వామి,
ఆటో సీట్లు కుట్టే టేపుతో, మొహం పక్కకు తిప్పుకుని.

రేసు బండికి అద్దాలుండవు, హారనుండదు, లైటుండదు.
మా బండికి అన్నీ ఉండాల.
హ్యాండిలు కొసల్లో గుండ్రటి అద్దాలు బిగిస్తా ఉంటే
మామ గొణిగినాడు:
"షోలవరంలో ఎవుడూ వెనక్కి చూళ్ళేదు."
కాసేపాగి,
"చూసినోడొకడు. పడినాడు."
ఇంకాసేపాగి,
"కుడిది రవ్వంత దించు. లారీ కనపడాల."

గుమాస్తా పెన్నెత్తి "రంగు?" అన్నాడు.
వెయ్యలేదు సార్, పాలక్యాను.
కిటికీలోంచి బండిని చూసినాడు, నన్ను చూసినాడు.
బయట ఎండలో సుత్తిదెబ్బలు
ఎన్ని కొట్టినానో అన్నీ మెరుస్తా ఉన్నాయి.
"వెండి" అని రాసుకున్నాడు.

ఆ సాయంత్రం వేలూరు రోడ్డెక్కినాను.
నడుం వంచి, గడ్డం ట్యాంకుకానించి,
గాలికి సందివ్వకుండా
రెండు ఫర్లాంగులు.
ఆపైన గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాకా
తోతాపురి లారీలు, బారుకు బారు.
ఫస్టు గేరులో రేసు బండి.
మణికట్లు పీకుతున్నాయి.
పెట్రోలు వాసన కింద యాడో
ఇంకా వదలని పాలవాసన.

కాయల మీద కూర్చున్న పిల్లోడు వంగి
"అక్కా, ఇదేం బండి?" అన్నాడు.
యాడ మొదలుపెట్టాలో తెలీక
నేను నోరు తెరిచేలోపు
వాడి లారీ కదిలింది.

కుడి అద్దంలో ఇంకో లారీ.
బాగానే కనపడతా ఉంది.